మసక ఎక్కడ పుట్టింది: జూ ఫోటోలపై ఒక కేస్ స్టడీ

అమలాపురం సమీపంలోని ఒక ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధించే మాస్టారు దసరా సెలవుల్లో కుటుంబంతో విశాఖపట్నం వెళ్ళి, అక్కడి ఇందిరా గాంధీ జంతు ప్రదర్శనశాలలో తీసిన ఫోటోల మెమరీ కార్డును మా స్టూడియోకు తీసుకువచ్చారు. తాను తీసిన జంతువుల ఫోటోలనే 12×18 అంగుళాల సైజులో ప్రింటు వేయించి తరగతి గోడకు అమర్చాలన్నది ఆయన ఉద్దేశం. కార్డులో వందల ఫోటోలున్నా ఆ సైజుకు పెంచి గోడకు పెట్టదగినవి బహు తక్కువ. "ఏవండీ, లెన్సు పోయిందంటారా? కొత్తది కొనేయమంటారా?" అన్నది ఆయన మొదటి మాట. అప్పటికే దూరపు జంతువులను దగ్గరగా చూపే 150–600 మి.మీ. లెన్సు ధర కూడా కనుక్కొని వచ్చారు. "లెన్సుకేమీ కాలేదు మాస్టారూ, ముందు కార్డు చూడనివ్వండి" అన్నాను.

కోనసీమ నుంచీ కాకినాడ నుంచీ సెలవులకు విశాఖ వెళ్ళివచ్చినవారు ఇదే ఫిర్యాదుతో తరచూ వస్తుంటారు, ఇదే పరిష్కారం అడుగుతుంటారు. కానీ మసకకు కారణం ఒక్కటే కాదు. ఒక్కొక్క కారణం ఫోటోలో ఒక్కొక్క తీరు గుర్తు వదిలిపెడుతుంది. ఆ గుర్తు చదవకుండా డబ్బు ఖర్చు పెడితే పాత మసకే ఖరీదైన లెన్సులో మరింత పెద్దదై కనిపిస్తుంది. మాస్టారి కార్డులో దాదాపు అన్ని రకాల మసకా ఒకేచోట దొరికింది కనుక ఈ కేసును వివరంగా రాస్తున్నాను.

కార్డు పరిశీలన

పరికరం మామూలుదే. 24 మెగాపిక్సెళ్ళ క్యానన్ క్రాప్ సెన్సర్ (చిన్న సైజు సెన్సర్) కెమెరా, దానితో వచ్చిన 18–55 లెన్సు, విడిగా కొన్న 55–250 లెన్సు. ఈ రెండో లెన్సుతో ఎండలో తీసిన జింకల ఫోటోలు కొన్ని వెంట్రుక వెంట్రుకా తెలిసేంత స్పష్టంగా ఉన్నాయి. ఒకే లెన్సు ఎండలో స్పష్టంగానూ నీడలో మసకగానూ తీస్తున్నప్పుడు తప్పును గాజులో వెతకనవసరం లేదు.

ఫోటోలను కార్డు నుంచే నేరుగా కంప్యూటర్‌లోకి ఎక్కించి 100 శాతం జూమ్‌లో చూశాము. వాట్సాప్‌లో వచ్చిన ఫోటోను చూసి నేను ఏ సలహా ఇవ్వను. అది ఫోటోను కుదించి పంపుతుంది కనుక ఏ మసక కెమెరాదో, ఏది కుదింపు వల్ల వచ్చిందో తేల్చడం సాధ్యం కాదు.

ప్రతి ఫోటో దగ్గర వేసుకోవలసిన మొదటి ప్రశ్న ఒక్కటే: ఇందులో ఎక్కడైనా, ఏదైనా స్పష్టంగా ఉందా? నేల మీది రాళ్ళు, గడ్డి స్పష్టంగా ఉండి జంతువు మాత్రమే చెదిరి ఉంటే జంతువు కదిలింది. రాళ్ళూ జంతువూ అన్నీ ఒకే దిశలో సాగినట్టుండి, చుక్కలు గీతలుగా మారి ఉంటే చెయ్యి కదిలింది. జంతువు మెత్తగా ఉండి దాని ముందున్న కంచె గాని, వెనకున్న గోడ గాని కత్తిరించినట్టు స్పష్టంగా ఉంటే ఫోకస్ తప్పింది. ఎక్కడా ఏదీ స్పష్టంగా లేక ఫోటో అంతటా పాలపొర కమ్మినట్టుంటే లెన్సు మీదో, లెన్సుకు ముందో ఏదో అడ్డు ఉంది. అంచులు అలలు అలలుగా వంగి, వరుసగా తీసిన ఫోటోల్లో ఆ వంపు మారుతూ ఉంటే అది నేల మీంచి లేచే వేడి గాలి పని. ఈ ప్రశ్నతో మాస్టారే స్వయంగా ఫోటోలను కుప్పలు కుప్పలుగా వేరుచేశారు. అన్నింటికంటే పెద్ద కుప్ప మొదటిది. ఆయన మాత్రం తన చెయ్యి వణుకుతోందని, వయసు మీద పడిందని అనుకుంటూ వచ్చారు.

కదలిన జంతువు, కదలని ఐఎస్ఓ

ఫోటోతోపాటు కెమెరా నమోదు చేసుకునే వివరాలు తెరిస్తే అసలు సంగతి బయటపడింది. అన్ని ఫోటోల్లోనూ ఐఎస్ఓ, అంటే కెమెరా వెలుతురుకు స్పందించే స్థాయి, 100 దగ్గరే ఉంది. ఐఎస్ఓ పెంచితే ఫోటోలో గరుకు వస్తుందని, ఎప్పుడూ 100 దాటనివ్వవద్దని ఒక మిత్రుడు చెప్పారట. పెళ్ళి మండపంలో ఫ్లాష్ వెలుతురులో ఆ సలహా చెల్లుతుందేమో గాని, ఫ్లాష్ వాడకూడని జూలో చెల్లదు. మబ్బులేని ఎండలో ఐఎస్ఓ 100, ఎఫ్ 5.6 (ఇది లెన్సు ద్వారం, అంటే అపెర్చర్ కొలత; అంకె పెరిగేకొద్దీ ద్వారం చిన్నది) వద్ద షట్టర్ స్పీడ్ 1/800 సెకను వరకు వస్తుంది. జంతువు చెట్టు నీడలోకి వెళ్ళగానే వెలుతురు మూడు నాలుగు స్టాపులు (ఒక్కొక్క స్టాపుకు సగం చొప్పున) పడిపోయి అదే షట్టర్ 1/100కు, 1/50కు దిగుతుంది. విశాఖ జూ కంబాలకొండ అడవి నడుమ 600 ఎకరాలకు పైబడిన స్థలంలో ఉంది; చెట్లకు కొదవ లేదు. మధ్యాహ్నం ఏ జంతువైనా ఎండలో నిలబడి మనకోసం ఎదురుచూడదు కదా.

చేతి వణుకు విషయంలో పాత లెక్క ఒకటుంది. లెన్సు పొడవును (మి.మీ.లలో దాని ఫోకల్ లెంగ్త్‌ను) క్రాప్ గుణకంతో హెచ్చించి, దాన్ని హారంగా వేసిన షట్టర్ స్పీడ్ కనీసం ఉండాలి. 250ని 1.6తో హెచ్చిస్తే 400. అంటే 1/400 సెకను. మాస్టారి లెన్సులోని స్టెబిలైజేషన్ దీన్ని మూడు స్టాపుల మేర సడలిస్తుందనుకుంటే 1/50 వద్ద కూడా చెయ్యి నిలబడినట్టే. ఆయన ఫోటోల్లో నేల మీది ఎండుటాకులు స్పష్టంగా ఉండడానికి కారణం అదే. స్టెబిలైజేషన్ చేతి వణుకును ఆపింది గాని, నడుస్తున్న పులిని ఆపలేదు. లెన్సు పెట్టె మీద దాని పేరు చూసి కొనుక్కునేవారిలో చాలామందికి ఈ తేడా ఎవరూ చెప్పరు.

కదలిక ఎంత మసకను తెస్తుందో మాస్టారికి కాగితం మీద లెక్కవేసి చూపించాను. సైన్సు చెప్పే మనిషి కనుక ఆయనకు అదే నచ్చింది. పులి సెకనుకు ఒక మీటరు చొప్పున, అంటే తాపీగా, మనకు అడ్డంగా 10 మీటర్ల దూరంలో నడుస్తోందనుకుందాం. 1/60 సెకనులో అది దాదాపు 17 మి.మీ. ముందుకు వెళుతుంది. 250 లెన్సులో ఆ దూరం వద్ద వస్తువు నలభయ్యో వంతు పరిమాణంలో సెన్సర్ మీద పడుతుంది కనుక అక్కడ కదలిక 0.4 మి.మీ. పైచిలుకు. సెన్సర్ వెడల్పు 22.3 మి.మీ.లో 6000 పిక్సెళ్ళున్నాయి. ఆ కదలిక సుమారు 110 పిక్సెళ్ళ మేర సాగిన మసక అవుతుంది. 18 అంగుళాల ప్రింటులో అది 8 మి.మీ. దాటుతుంది, అంటే పులి కన్ను కన్నులా ఉండదు. అదే నడకను 1/500 వద్ద తీస్తే మసక 13 పిక్సెళ్ళు, ప్రింటులో ఒక మి.మీ. మాత్రమే, తరగతి గదిలో బెంచీ మీంచి చూసేవారికి అది కనిపించదు. నడకతోపాటు కెమెరాను కూడా తిప్పితే ఇంకా తగ్గుతుంది.

మందు కూడా ఈ లెక్కలోనే ఉంది. ఐఎస్ఓ 100ను 800 చేస్తే 1/60 వచ్చిన చోట 1/500 వస్తుంది. గరుకు కొంత పెరుగుతుంది, నిజమే. గరుకు ప్రింటులో చాలావరకు కలిసిపోతుంది, కంప్యూటర్‌లో కొంత తగ్గించుకోవచ్చు. కదలిక మసకను తీసేయడం మాత్రం ఎవరి తరమూ కాదు. పదును పెంచే కొత్త యాప్‌లు ఉన్నాయి కదా అని మాస్టారు అడిగారు. ఆ యాప్‌లు పోయిన వెంట్రుకలను వెనక్కి తేవు, లేని వెంట్రుకలను ఊహించి గీస్తాయి. ఇంట్లో ఆల్బమ్‌కు ఎవరి ఇష్టం వారిది. పిల్లలకు జంతువు ఇలా ఉంటుందని చూపించే గోడకు మాత్రం అటువంటి ఫోటో పనికిరాదని నా అభిప్రాయం, ఆయనా ఒప్పుకున్నారు.

ఆయన కుమార్తె ఫోనులో తీసిన ఫోటోలు కొన్ని ఈ కెమెరా ఫోటోలకంటే నయంగా ఉన్నాయి. ఫోను ఎవరి సలహా వినకుండా తనంతట తానే ఐఎస్ఓను పెంచేసుకుంది.

ఫోకస్ తప్పిన కుప్ప

రెండో పెద్ద కుప్ప ఇది. కెమెరా తన ఫోకస్ బిందువులన్నింటిలో తనకు నచ్చినదాన్ని ఎంచుకునే ఆటోమేటిక్ పద్ధతిలో ఉంది. ఆ పద్ధతి సాధారణంగా దగ్గరగా ఉండి గట్టి అంచులున్న వస్తువు మీదికి పోతుంది. జూలో అటువంటి వస్తువు కంచె. చిరుతపులి ఫోటో అని చూపించినదాంట్లో కంచె తీగ మీది తుప్పు మచ్చ కూడా లెక్కపెట్టేంత చక్కగా ఉంది, చిరుత మాత్రం ఒక పసుపు మరక.

దీనికి మధ్య బిందువు ఒక్కదాన్నే ఎంచుకుని దాన్ని కంటి మీద ఉంచడం మొదటి మందు. కదిలే జంతువుకు ఏఐ సర్వో పద్ధతిలో ఫోకస్‌ను వదలకుండా వెంబడించడం రెండవది. జంతువుల కన్నును తానే పట్టుకునే కొత్త కెమెరాలకు కూడా కంచె అడ్డంగా ఉన్నప్పుడు ఒక బిందువే నమ్మకం. బిందువును కంటి మీద పెట్టి, ఫోకస్ లాక్ చేసి, ఆ తరువాత ఫ్రేమును సర్దుకునే అలవాటు మాస్టారికి ఉంది. స్టూడియోలో 50 లెన్సుతో కూర్చున్న మనిషిని తీసేటప్పుడు ఆ అలవాటు పెద్దగా చేటు చేయదు. 250 వద్ద ఎఫ్ 5.6లో 10 మీటర్ల దూరాన స్పష్టంగా ఉండే లోతు మొత్తం సుమారు 34 సెం.మీ.; 5 మీటర్లకు వస్తే 8 సెం.మీ. మాత్రమే. ఎలుగుబంటి ముక్కు మీద ఫోకస్ పడితే కన్ను పోయినట్టే. ఫ్రేము సర్దుకునేలోపు జంతువు తల ఒక్క జానెడు ముందుకు వంచినా ఫోటో దక్కదు.

కంచెను మాయం చేయడం గురించి చాలామంది లెన్సును తీగకు ఆనించమని చెబుతారు. జూలో కంచెకు ముందు ఇంకొక అడ్డుకమ్మీ ఉంటుంది; ఎంత మంచి ఫోటోకైనా దాన్ని దాటకూడదు. కనుక మనకూ కంచెకూ మధ్య దూరం మన చేతిలో లేదు, కంచెకూ జంతువుకూ మధ్య దూరం మాత్రం ఓపిక పడితే పెరుగుతుంది. అపెర్చర్‌ను పూర్తిగా తెరిచి, లెన్సును గరిష్ఠ పొడవుకు లాగి, జంతువు కంచెకు బాగా దూరంగా వెళ్ళేవరకు ఆగితే తీగ పలచబడి కరిగిపోతుంది. తీగ మీద ఎండ పడుతుంటే మాత్రం కరిగిన తీగ కూడా తెల్లని పొరగా మిగులుతుంది. అందుకే అదే ఆవరణ చుట్టూ నడిచి, కంచె నీడలో ఉన్న వైపును వెతుక్కోవాలి. తీగ నీడలో, జంతువు ఎండలో ఉన్న చోటు దొరికితే అంతకంటే అదృష్టం లేదు.

తెల్లని పొర

ఒకరోజు ఉదయం తీసిన మొదటి ఫోటోలన్నీ, ఏ జంతువైనా సరే, మంచులో తీసినట్టున్నాయి. అరగంట గడిచాక తీసినవి బాగున్నాయి. లెన్సు పోయిందన్న అనుమానం మాస్టారికి ఇక్కడే మొదలైంది. రాత్రి కెమెరాను లాడ్జిలో ఏసీ గదిలో ఉంచి, పొద్దున్నే సంచిలోంచి తీసి సముద్రపు గాలిలోకి తెచ్చారు. ఆ కాలంలో తీరంలో గాలి ఎంత తేమగా ఉంటుందంటే, చల్లబడిన గాజు మీద ఆ తేమ సన్నని నీటి బిందువులుగా పట్టేస్తుంది. తుడిచినకొద్దీ మళ్ళీ పడుతుంది. కెమెరాను సంచిలోనే మూసి ఉంచి, సంచిని బయటి గాలిలో అరగంటకు పైగా వదిలేసి ఆ తరువాత తెరిస్తే సరిపోతుంది. గోదావరి మొగల దగ్గర బతికే మనకు ఇది కొత్త కాదు. ఇక్కడ లెన్సు లోపల బూజు పట్టకుండా సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరని డబ్బాలో దాచుకోనివారు కొన్నాళ్ళకు మెకానిక్ దగ్గరికి వెళ్ళవలసిందే.

అద్దం వెనకున్న పాముల ఫోటోల్లో మసకకు కారణం వేరు. అద్దానికి ఏటవాలుగా నిలబడి తీయడంతో గాజు మందం బొమ్మను చెదరగొట్టింది, పైగా మాస్టారి తెల్ల చొక్కా కూడా పాము మీద పడుకుంది. అద్దానికి ఎదురుగా నిలబడి, లెన్సు చుట్టూ నల్లగుడ్డ గాని రబ్బరు హుడ్ గాని మెల్లగా ఆనిస్తే ఇవి రెండూ పోతాయి. లెన్సు ముందు బిగించిన చవక రక్షణ ఫిల్టరును కూడా తీసేయించాను. పొడవాటి లెన్సు ముందు అటువంటి గాజు పదునును తగ్గిస్తుంది.

డెల్టాలో సాధన

జూ 200 కిలోమీటర్ల దూరంలో ఉంది. అక్కడికి వెళ్ళాక బొత్తాలు వెతుక్కుంటే రోజు గడిచిపోతుంది. కనుక సాధన అంతా ఇక్కడే చేయించాను. పెరట్లో తిరిగే కోడిపుంజును 1/60 నుంచి 1/1000 వరకు ఒక్కొక్క స్పీడ్‌లో తీసి, తల ఎక్కడ ఆగిందో కంప్యూటర్‌లో పోల్చుకోమన్నాను. కోడి నడుస్తూ తలను ముందుకు విసిరి ఒక్క క్షణం నిలుపుతుంది. ఆ నిలుపు పట్టుకోగలిగినవాడికి జూలో చాలా జంతువులు లొంగుతాయి.

కంచె సాధనకు మన ప్రాంతంలో రొయ్యల చెరువులను మించిన బడి లేదు. చెరువు గట్టు చుట్టూ కట్టిన వల వెనుక, దూరాన వాలిన గుడ్డి కొంగను 250 వద్ద తీస్తే వల ఎప్పుడు కరుగుతుందో, ఎప్పుడు పొరగా మిగులుతుందో ఒక్క పొద్దులోనే తెలిసిపోతుంది. మాస్టారు ఉదయం వలకు ఒకవైపు నుంచీ సాయంత్రం అదే వైపు నుంచీ తీసిన రెండు ఫోటోలను పక్కపక్కన పెట్టి చూపించాను. కొంగ అదే, వల అదే; వల మీద ఎండ పడిన ఫోటోలో మాత్రం కొంగ మెడ మీది గీతలు కనిపించలేదు.

నీడలో ఐఎస్ఓను సరిచేసుకునే పనికి కొబ్బరితోట చాలు. ఇంకా చీకటి కావాలనుకుంటే కోరింగ అభయారణ్యంలో మడ చెట్ల మధ్య చెక్క వంతెన మీద నడిచిరమ్మన్నాను. ఆ మడ అడవిలో నీటిపిల్లి, నీటికుక్క ఉన్నాయి గాని పగటిపూట సందర్శకులకు కనబడడం అరుదు. వాటికోసం కాదు, ఆ వెలుతురు కోసం వెళ్ళాలి. కెమెరాను కొబ్బరి మానుకో కాలువ వంతెన గోడకో ఆనించడం, మోచేతులను పక్కలకు అదుముకోవడం, ఒక్క నొక్కుకు మూడు ఫోటోలు పడేలా పెట్టుకోవడం కూడా అక్కడే అలవాటయ్యాయి. మూడింటిలో మొదటిది వేలి నొక్కుకు కదులుతుంది, రెండోదో మూడోదో పదునుగా వస్తుంది. రద్దీగా ఉండే జూ దారుల్లో ట్రైపాడ్ పదిమందికి అడ్డం. నేనైతే వద్దనే చెబుతాను.

చివరికి కెమెరాలో పెట్టించిన అమరిక ఇది: మాన్యువల్ పద్ధతిలో ఎఫ్ 5.6, షట్టర్ 1/500, ఐఎస్ఓ ఆటో, దానికి గరిష్ఠ పరిమితి 3200. ఎండుటాకుల మీద కదలకుండా పడుకున్న మొసలికి మాత్రం దీనికి విరుద్ధం. మొసలి కదలదు, కానీ మూతి నుంచి తోక దాకా మీటర్ల పొడవు ఉంటుంది. దానికి ఎఫ్ 11, షట్టర్ 1/125 చాలు. లోతు ఎక్కువ కావలసిన చోట స్పీడును, స్పీడు కావలసిన చోట లోతును వదులుకోవాలి.

జనవరి ఫోటోలు

సంక్రాంతి రద్దీ తగ్గాక మాస్టారు మళ్ళీ విశాఖ వెళ్ళారు. సోమవారం సెలవు కనుక మంగళవారం ఎంచుకుని, గేటు తెరవగానే లోపలికి వెళ్ళారు. కందకాల సిమెంటు గోడలు వేడెక్కకముందే దూరపు జంతువులను ముగించాలన్నది ముందే అనుకున్న పథకం. ఒక పులి ఆవరణలో మగ్గంలో నాడెలా ఒకే దారిన ఇటూ అటూ తిరుగుతోంది. నడక మధ్యలో తీయకుండా, అది వెనుదిరిగే మూల దగ్గరే ఫోకస్ పెట్టుకుని కాచుకోమని ముందే చెప్పి ఉన్నాను. తిరిగేచోట వేగం దాదాపు సున్నా అవుతుంది, తల కూడా మనవైపు వస్తుంది. గోడకెక్కిన మొదటి ఫోటో అదే. నీడలో, ఐఎస్ఓ 1600 వద్ద తీసినది. 12×18లో గరుకు ఉన్నదని నాకు తెలుసు గనుక నాకు కనిపిస్తుంది.

జంతువు ఇటు చూడాలని పక్కనున్నవారు అరుస్తుంటే మాస్టారు వారించారట. వన్యప్రాణి సంరక్షణ చట్టం 38-జె ప్రకారం జూలో జంతువులను వేధించడం నేరం. ఫోటోపరంగా చూసినా, ఉలిక్కిపడిన జంతువు తల విసురుగా తిప్పుతుంది. 1/500 కూడా దానికి చాలదు.

రేసు కుక్కలు (అడవి కుక్కలు) మాత్రం ఈసారీ కుదరలేదు. గుంపుగా, నేలను వాసన చూస్తూ, ఒకదాని వెనుక ఒకటి పరుగెత్తే జంతువులకు 1/500 సరిపోదు, 1/1250 కావాలి. ఆ నీడలో అంత స్పీడు పెడితే ఐఎస్ఓ 3200 పరిమితిని కూడా దాటుతుంది. పరిమితిని 6400కు పెంచి, ప్రింటును 8×12కు తగ్గించి ప్రయత్నించమన్నాను. ఆ చిన్న ప్రింటుకు గోడ మీద జాగా ఉంచారు. 150–600 లెన్సు మాట ఆయన మళ్ళీ ఎత్తలేదు, ఎఫ్ 6.3 దగ్గర ఆగిపోయే ఆ లెన్సు ఈ నీడలో ఇంకా కాస్త వెలుతురు తగ్గించేదే తప్ప పెంచేది కాదు.